సీడెడ్, మాస్, ఫ్యాక్షన్: 'ట' రాలిపోయిన మాటలు

పెద్ద సినిమా విడుదలైన మర్నాడు వసూళ్ల పట్టీ చూడండి: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు. తిరుపతి, చిత్తూరు హాళ్ల డబ్బు 'సీడెడ్' గడిలో పడుతుంది. 1800 అక్టోబరు 12 ఒప్పందంతో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న ప్రాంతాలకు కంపెనీ కచేరీ తగిలించిన పేరది. ఆ ప్రాంతాల్లో తిరుపతి, చంద్రగిరి లేనేలేవు. అవి మరుసటి ఏడు ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి దక్కి, ఉత్తరార్కాటు జిల్లాలో ఉండిపోయాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి వచ్చి కలిసిన మదనపల్లె, వాయల్పాడు వైపుకే ఆ పేరు చెల్లుతుంది. పైగా 1928లో నంద్యాలలో జరిగిన సభ, 'సీడెడ్'కు తెలుగైన 'దత్తమండలాలు' అన్న పిలుపును వదిలించుకుని 'రాయలసీమ' అని పేరు పెట్టుకుంది. అయినా సినిమా వ్యాపారం ఇప్పటికీ కంపెనీ కాగితాన్నే చదువుతోంది.

పేరుతో ఆగితే బాధ లేకపోను. సీడెడ్ అంటే 'మాస్ ఏరియా', మాస్ అంటే 'ఫ్యాక్షన్' అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. తెలుగులో వినికిడికి ఒక గుర్తుంది. 'అక్కడ నరుక్కుంటారట' అన్నప్పుడు ఆ చివరి 'ట', చెప్పేవాడు కళ్లారా చూడలేదని ఒప్పుకుంటుంది. 'ఎవరన్నారు?' అని వినేవాడు అడగడానికి సందు మిగులుతుంది. 'ఫ్యాక్షన్ ఏరియా' అనేసరికి ఆ సందు మూసుకుపోతుంది. పోలీసు భాషలా, పత్రిక శీర్షికలా వినిపించే మాట కాబట్టి, నలుగురి అనుమానం తేలిపోయిన తీర్పుగా చెలామణీ అవుతుంది. ఇంగ్లీషు పేరు జనం ఊహకు చేసిపెడుతున్న పని ఇదేనని నా వాదన.

ఫ్యాక్షన్ లేదా, మనుషులు చావలేదా అని అడుగుతారు. ఉంది, చచ్చారు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో కొన్ని పల్లెల్లో ఆడవాళ్లు మోసిన దుఃఖం కల్పన కాదు. కానీ కొన్ని ఊళ్ల కక్షను సీమ మొత్తానికి గుణంగా అంటగట్టడం వేరు. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' ఆడిన నాలుగేళ్లలో తెర మీది సుమోలు, బాంబులు రాష్ట్రమంతటికీ సీమ ముఖమైపోయాయి. అదే నేల గురించి ఆ నేలవాళ్లు రాసుకున్నది చూడండి. 1993లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన మధురాంతకం రాజారాం కథల్లో కరువు రైతులు, బడిపంతుళ్లు, సంసారాల బరువులు ఉంటాయి. నామిని 'మిట్టూరోడి కథలు'లో సేద్యం, ఎనుములు, అమ్మ ఉంటాయి. చిత్తూరు పల్లె బతుకును అర్థం చేసుకోవాలంటే నేను వసూళ్ల పట్టీని పక్కనబెట్టి ఈ పుస్తకాలు తెరుస్తాను. వానల్లేక చెనిక్కాయ పంట పోయి బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలకు ఏ గడీ లేదు.

ఇంకో అభ్యంతరం గట్టిది: 'మేం మాస్' అని ఇక్కడి కుర్రాళ్లే గర్వంగా చెప్పుకుంటారు గదా? చెప్పుకుంటారు, ఆ హక్కు వాళ్లదే. తన అభిమాన హీరో గురించి ఒక కుర్రాడు అనే మాట, పరాయి ఊళ్లో అదే కుర్రాణ్ణి 'మీ వైపు బాంబులేస్తారా?' అని అడగడానికి అనుమతి కాజాలదు. ఇంగ్లీషు మాటలు వద్దనడమూ కాదు. బస్సు, కరెంటు వస్తువుల పేర్లు, వాటితో ఎవరికీ నష్టం లేదు. అభిప్రాయానికి పేరు పెట్టేచోటే జాగ్రత్త కావాలి. హత్య జరిగితే ఊరి పేరు, మండలం పేరు, తగాదా కారణం రాయొచ్చు. 'ఫ్యాక్షన్ సీమలో' అన్న శీర్షిక ఆ మూడింటినీ మింగేస్తుంది. మా డెస్కుతో సహా తెలుగు పత్రికలన్నీ ముందు మానుకోవలసింది ఆ శీర్షికనే.

ఒకే జిల్లా, రెండు గడులు
2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి, శ్రీకాళహస్తితో పాటు నెల్లూరు నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి అందులో చేరాయి. కలెక్టరు ఒక్కరే. సినిమా పట్టీలో మాత్రం ఆ జిల్లాలోనే ఒక భాగం 'సీడెడ్', ఇంకో భాగం 'నెల్లూరు'.