గీజర్ మూత విప్పే ముందు

రియాద్‌లో చలేమిటి అనుకుంటాం కానీ, సముద్ర మట్టానికి 600 మీటర్ల ఎత్తున, ఎడారి నడుమ ఉన్న ఊరది. జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్లు ఒళ్లు కాలేంత వేడిగా ఉంటే, గీజర్ ఆపేసి అందులో చల్లారిన నీళ్లతో స్నానం చేసేవాళ్లు కూడా చలికాలం రాగానే దాని స్విచ్చి వెతుక్కుంటారు. అది పనిచేయకపోతే మనవాళ్ల చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది.

అక్కడే ప్రమాదం. మన ఊళ్లో గీజర్‌కు వచ్చే రెండు తీగల్లో ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. రియాద్ పాత భవనాల్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండేది 127 వోల్టులే. 220 కావాలంటే రెండు ఫేజుల మధ్య తీసుకుంటారు. అంటే రెండు తీగల్లోనూ కరెంటే! ఒక్క తీగను తెంచే స్విచ్చి ఆపి, దీపం ఆరింది కదా అని చెయ్యి పెడితే, రెండో తీగ షాక్ కొడుతుంది. బోర్డులో రెండింటినీ ఒకేసారి తెంచే బ్రేకర్ దించాలి, ఆపైన ఒక్కో టెర్మినల్‌నూ మీటరుతో చూడాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుండే పద్ధతికి మారాలని సౌదీ ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. కనుక ఇల్లు ఏ పద్ధతిదో ముందు తెలుసుకోవాలి.

నీళ్లు అసలు కాగకపోవడం వేరు, గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉండిపోవడం వేరు. 50 లీటర్ల నీటిని 15 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 2.6 యూనిట్లు కావాలి. 1500 వాట్ల గీజర్‌కు అది గంటా ముప్పావు పని. అదే గీజర్‌ను పొరపాటున 127 వోల్టులకు తగిలిస్తే శక్తి సగం కాదు, మూడో వంతుకు పడిపోతుంది. ఐదు గంటలు దాటినా తెమలదు.

అసలు కాగకపోతే ముందు థర్మోస్టాట్ మీది చిన్న రీసెట్ బటన్ ఒకసారి నొక్కి చూడాలి. మళ్లీ మళ్లీ ఎగురుతుంటే నొక్కడం ఆపి కారణం వెతకాలి. కరెంటు ఆపి, తీగలు విప్పి కొలిస్తే 1500 వాట్ల ఎలిమెంట్ 32 ఓమ్‌లకు అటూఇటూగా చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగినట్టే. టెర్మినల్‌కూ ట్యాంకు ఒంటికీ మధ్య మీటరు కదిలిందా, ఎలిమెంట్ తొడుగు పగిలి లోపలికి నీళ్లు దూరాయన్నమాట.

తొడుగును పగలగొట్టేది చాలాసార్లు సున్నపు పెచ్చు. రియాద్ తాగే నీళ్లలో కొన్ని 400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న జుబైల్‌లో శుద్ధిచేసిన సముద్రపు నీళ్లు, కొన్ని లోతైన బావులవి. మింజూర్ అనే రాతిపొర నీళ్లయితే కిలోమీటరుకు పైగా లోతు నుంచి కాగిన నీళ్లుగానే పైకొస్తాయి, వాటిని చల్లార్చి శుద్ధి చేయాలి! పెచ్చు కట్టే కాల్షియం కార్బొనేట్ చక్కెరలా కాకుండా వేడినీటిలో ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంట్ మీదే పేరుకుంటుంది. వేడంతా నీళ్లలోకి పోలేక లోపలే మగ్గి లోహం దెబ్బతింటుంది. పెచ్చు పలచగా ఉన్నప్పుడే ఎలిమెంట్ తీసి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే వదులుతుంది. బిగించాక ట్యాంకు నిండి, కుళాయి ధార కట్టేదాకా స్విచ్చి వేయకూడదు. పొడి ట్యాంకులో కొత్త ఎలిమెంటైనా కాసేపట్లోనే మాడిపోతుంది.

సేఫ్టీ వాల్వు నుంచి కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారితే కంగారొద్దు. 50 లీటర్లు కాగితే సుమారు ముప్పావు లీటరు వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడి ఎటో పోవాలి. దానికి బిరడా కొట్టడం మాత్రం మూర్ఖత్వం.

ఊరి శివార్లలో ఇస్తిరాహాలనే విడిది ఇళ్లలో జకూజీలు చూసుకునేవాళ్లకు ఇంకొక్క మాట. అక్కడ పంపు తగినన్ని నీళ్లు తోయకపోతే ఫ్లో స్విచ్చి హీటర్‌ను వెలగనివ్వదు. కాబట్టి స్క్రూడ్రైవర్ తీసే ముందు ఫిల్టర్ తీసి కడగండి.