అట్ట మీద ఏడుగురు, లోపల ఇద్దరు: ‘జస్టిస్ లీగ్’ తొలి సంచిక ఎందుకు నిరాశపరిచింది?

2011 ఆగస్టు 31న అమెరికాలోని కామిక్స్ దుకాణాలకు ‘జస్టిస్ లీగ్’ 1వ సంచిక వచ్చింది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్, ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, ఆక్వామ్యాన్, సైబోర్గ్ అట్ట మీద కనిపిస్తారు. ధర 3.99 డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు 180 రూపాయలు. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కామిక్ సంచిక ఇదే.

అట్ట తిప్పితే కథ వేరు.

గోథమ్ నగరంలో ఒక వింత ప్రాణిని బ్యాట్‌మ్యాన్ తరుముతుంటాడు. అతడిని పోలీసు హెలికాప్టర్లు తరుముతుంటాయి. గ్రీన్ లాంటర్న్ మధ్యలోకి వస్తాడు. సంచికలో చాలా భాగం వీళ్లిద్దరి మాటల యుద్ధమే. నీకు ఏ శక్తులూ లేవా అని గ్రీన్ లాంటర్న్ ఆశ్చర్యపోతుంటే, బ్యాట్‌మ్యాన్ మాటల్లో పెట్టి అతడి వేలికున్న ఉంగరమే కొట్టేస్తాడు. సంచికలో అందరికీ గుర్తుండిపోయిన సన్నివేశం అదే. మధ్యలో కొన్ని పేజీలు విక్ స్టోన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడివి. ఇతడే తర్వాత సైబోర్గ్ అవుతాడు, ఇక్కడ మాత్రం మామూలు కుర్రాడే. ఆఖర్లో సూపర్‌మ్యాన్ వచ్చి నిలబడతాడు. సంచిక అయిపోయింది.

ఫ్లాష్ రావడానికి రెండో సంచిక దాకా, వండర్ ఉమన్ రావడానికి మూడో సంచిక దాకా ఆగాలి. ఆక్వామ్యాన్ సంగతి ఆ తర్వాతే. ఏడుగురు హీరోల మల్టీస్టారర్ అని పోస్టర్ వేసి, ఇంటర్వెల్ వరకూ ఇద్దరినే చూపిస్తే మన థియేటర్లలో ఈలలు వేరే రకంగా వినిపిస్తాయి.

పనితనం తక్కువేమీ కాదు. రాసిన జెఫ్ జాన్స్ అప్పట్లో డీసీ సంస్థకు చీఫ్ క్రియేటివ్ ఆఫీసర్. బొమ్మలు వేసిన జిమ్ లీ సహ ప్రచురణకర్త. సంభాషణలు చురుగ్గా ఉన్నాయి, బొమ్మలు కళ్లు తిప్పుకోనివ్వవు. నవలలో మొదటి అధ్యాయమైతే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇది విడిగా డబ్బు పెట్టి కొన్న పుస్తకం. పైగా డీసీ తన పాత కథలను పక్కనపెట్టి 52 పత్రికలను 1వ సంచిక నుంచి మళ్లీ మొదలుపెట్టింది కొత్త పాఠకుల కోసమే. ఆ వరసకు ముందు నడిచిన సంచిక ఇది. వండర్ ఉమన్ బొమ్మ చూసి కొనుక్కున్న అమ్మాయికి లోపల దొరికింది ఇద్దరు మగాళ్ల కీచులాట.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1963లో మార్వెల్ ‘అవెంజర్స్’ 1వ సంచికను స్టాన్ లీ, జాక్ కిర్బీ 22 పేజీల్లో ముగించారు. లోకి పన్నాగం, హల్క్ మీద నింద, థోర్, ఐరన్ మ్యాన్, యాంట్ మ్యాన్, వాస్ప్ కలవడం, దొంగ దొరకడం, జట్టు కట్టి పేరు పెట్టుకోవడం అన్నీ అందులోనే. ఆ కథలో హడావిడి ఎక్కువ, తర్కం తక్కువ. అయినా 12 సెంట్లు పెట్టిన పిల్లాడికి జట్టు కనిపించింది.

మధ్యలో మారింది వ్యాపారం. అప్పట్లో కామిక్స్ మందుల షాపుల్లో, పత్రికల స్టాళ్లలో దొరికేవి. వచ్చే నెల సంచిక ఆ స్టాలుకు వస్తుందో రాదో తెలియదు, అందుకే ఏ కథకాకథ ముగించేవారు. 1970ల నుంచి ప్రత్యేక దుకాణాల పద్ధతి బలపడింది. దుకాణదారు సుమారు రెండు నెలల ముందే ఆర్డర్ పెట్టాలి. మిగిలిన కాపీలు సాధారణంగా వెనక్కి తీసుకోరు. ఆర్డర్ పెట్టేనాటికి అతడి ముందున్నది అట్ట బొమ్మ, రచయితల పేర్లు, ‘1’ అనే అంకె మాత్రమే. లోపలి కథ ఎలా ఉందో తెలిసేసరికి ప్రచురణకర్త అమ్మకం పూర్తయిపోతుంది.

రెండో కారణం సంకలనాలు. ఐదారు సంచికలను కలిపి పుస్తకంగా వేస్తే అది పుస్తకాల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడవుతుంది. దాంతో రచయితలు కథను ఆ కొలతకే కోస్తున్నారు. రెండు పేజీల్లో అయ్యే పరిచయం ఇరవై పేజీలకు సాగుతుంది. మన వారపత్రికల సీరియల్ రచయితలు కూడా నెలల తరబడి సాగదీసేవారు గానీ, ఏ వారానికావారం పాఠకుడి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపేవారు. అదే పత్రికలో ఇంకో నాలుగు కథలూ ఉండేవి. ఇక్కడ ఆ ఊరట కూడా లేదు.

ఈ కథ ఆధారంగా 2014లో ‘జస్టిస్ లీగ్: వార్’ యానిమేషన్ చిత్రం వచ్చింది. మొత్తం ఆరు సంచికలూ ‘ఆరిజిన్’ పేరుతో ఒకే పుస్తకంగా దొరుకుతున్నాయి. అందులో చదివేవారు పేజీ తిప్పితే చాలు, ఫ్లాష్ వచ్చేస్తాడు. 2011 ఆగస్టులో కొన్నవారు మాత్రం కథ ముగింపు చూడటానికి 2012 ఫిబ్రవరి దాకా ఆగి, మొత్తం మీద 24 డాలర్ల దాకా చెల్లించారు.