గోడకు దీపం

"అన్నయ్యా, శనివారం నీకో పని పెట్టాను. వెనక గుమ్మం పక్కన కొత్త దీపం బిగించాలి" అన్నాడు మా తమ్ముడు. కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునే వాడికి ఇదేం పరీక్షరా అనుకున్నాను గాని, చుట్టపుచూపుగా వెళ్ళినవాణ్ణి, కాదనలేకపోయాను. వాడి ఇల్లు అమెరికాలో, నార్త్ కరొలినా రాష్ట్రంలో, రాలీ పట్టణం శివార్లలో ఉంది. వేసవి సాయంత్రాల్లో ఉరిమి ఉరిమి కుండపోతగా కురిసే చోటు.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. మనకు గోడ అంటే ఇటుకా సిమెంటూను. కన్నం పొడిచి, చెక్కముక్క దిగ్గొట్టి, దేన్నయినా తగిలిస్తాం. అక్కడి ఇల్లు చెక్క గుంజల పంజరం. గుంజకూ గుంజకూ ఎడం సాధారణంగా 16 అంగుళాలు. గుంజల మీద చెక్కపేళ్ళు అతికించి చేసిన బల్లలు, వాటి మీద వాననీరు లోపలికి దిగనివ్వని పల్చని పొర, అన్నిటికీ పైన సిమెంటు పలకలు. సిమెంటు, ఇసుక, కర్రగుజ్జు నార కలిపి ఆవిరి ఒత్తిడిలో గట్టిపరచిన పలకలవి. మందం సుమారు 8 మిల్లీమీటర్లు. వేలితో కొడితే చిన్ననాటి రాతిపలక గుర్తుకొచ్చింది. ఎండకు బెదరవు, చెద పట్టదు, నిప్పంటుకోదు. పై పలక అంచు కింది పలక మీదికి ఒకటింబావు అంగుళమైనా ఎక్కేలా పేరుస్తారు. అచ్చంగా మన తాటాకు కప్పు పద్ధతి!

ఒకప్పుడు ఇలాంటి పలకల్లో కర్రనారకు బదులు రాతినార కలిపేవారు. మన సిమెంటు రేకుల్లో ఉండేదీ అదే. పులివెందుల ప్రాంతంలో తవ్వి తీసినదీ అదే. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరుకు దారి తీస్తుంది. అందుచేత 1980లనాటి ఇల్లో, అంతకన్నా పాతదో అయితే పరీక్ష చేయించనిదే గోడకు బెజ్జం వేయకూడదు. మావాడి ఇల్లు కొత్తదే. అయినా ఇసుక కలిసిన పలక గదా, ఆ పొడీ ఊపిరికి మంచిది కాదు. ముక్కుకు గట్టి తొడుగు కట్టుకుని, ఆరుబయట గాలివాలు చూసుకుని కోయాలన్నాడు.

పాత దీపం విప్పబోతూ, "స్విచ్చి కట్టేశాంగా, ఇక భయమేమిటి?" అన్నాను. వాడు వినకుండా లోపలికి వెళ్ళి మీటల పెట్టెలో ఒక మీట దించి వచ్చి, తీగలకు టెస్టరు చూపించాడు. అది కుయ్యిమంది! ఆ డబ్బాలోంచే మరో జత తీగలు పక్కనున్న ప్లగ్గుకు వెళుతున్నాయట. మన స్విచ్చికీ వాటికీ పొత్తు లేదు. వాడు దించిన మీటా వేరొకదానిది. సరైన మీట వెతికి దించి, మళ్ళీ పరీక్షించి, అప్పుడు చెయ్యి పెట్టాం.

"నల్ల తీగ న్యూట్రలే కదా?" అన్నాను, తెలిసినవాడిలాగా. వాడు గతుక్కుమన్నాడు. మన దేశంలో నలుపు న్యూట్రల్. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. అక్కడ నలుపే కరెంటు తీగ, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చదో ఉత్త రాగిదో భూమిది. వాళ్ళది 120 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు, తడిచేత్తో తాకితే అదీ ప్రాణం తీయగలదు. అందుకే ఆరుబయటి ప్లగ్గులకు 1973 నుంచి అక్కడొక కాపలా పరికరం పెట్టించారు. 5 మిల్లీ ఆంపియర్ల పాటి విద్యుత్తు దారితప్పినా చటుక్కున ఆపేస్తుంది. మావాడి ప్లగ్గు వానాకాలంలో మాటిమాటికీ ఎందుకు ఆగిపోతోందో దీపం ఊడదీశాక తెలిసింది.

డబ్బా నిండా తుప్పు. వెనక చెక్కబల్ల నల్లబడి, వేలు పెడితే మెత్తగా దిగిపోయింది. ఎవరో బుద్ధిమంతుడు దీపం చుట్టూ నాలుగు వైపులా బంకలాంటి లేపనం దట్టంగా పూశాడు. పలకలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి దీపం పళ్ళెం వాటి మీద చదునుగా ఆనదు. పైసందులో లేపనం పగిలి నీరు దిగింది, కిందిసందు మూసుకుపోయి బయటికి రాలేకపోయింది.

కుళ్ళిన చెక్క కోసేసి కొత్తది వేశాం. డబ్బాను పలకకు కాదు, లోపలి గుంజకు మరలతో బిగించాం. పలక బరువు మోయదు, పగులుతుంది. చుట్టూ పలక కోసి, చదునైన చతురపు దిమ్మ అమర్చాం. దాని తలమీద వంచిన రేకు పెట్టి, ఆ రేకు వెనకంచు పై పలక కిందికి, లోపలి పొర కిందికి కూడా దూర్చాం. ఇల్లు నేసేవాడు తాటాకు దూర్చినట్టే! దీపానికి పైనా ప్రక్కలా మాత్రమే లేపనం పూసి, కింద వదిలేశాం.

"కింద కూడా పూస్తే బాగుండేది కదా బావగారూ?" అంది మరదలు.

"దూరిన నీళ్ళు పోవడానికి దారమ్మా" అన్నాను. మధ్యాహ్నమే నేర్చుకున్న పాఠం గనక బాగా ఒప్పజెప్పాను.

రాత్రి వాన విరుచుకుపడింది. టార్చిలైటు పట్టుకుని ముగ్గురం గుమ్మంలో నిలుచున్నాం. దిమ్మ తలమీది రేకు నుంచి నీరు ముందుకు జారి కిందికి పోతోంది. దీపం వెలుగుతోంది, ప్లగ్గు ఆగలేదు. తమ్ముడు మాత్రం వీధి గుమ్మానికి రెండు వైపులా ఉన్న దీపాలకేసి వెళ్ళి, వేలితో తడిమి, "అన్నయ్యా, వీటి చుట్టూ కూడా అదే బంక" అన్నాడు.

నా తిరుగు ప్రయాణానికింకా పదకొండు రోజులుంది.