కత్తి తగలని కత్తిగాటు

గండికోట కథలూ, కొండారెడ్డి బురుజు కథలూ వింటూ పెరిగిన కర్నూలు, కడప పిల్లలకు కత్తిగాటు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మరి ఏ కత్తీ తగలకుండానే నుదుటి మీద నిలువునా గాడి పడితే?

అలా పడే జబ్బు ఒకటుంది. దాని పేరు లీనియర్ స్క్లిరోడెర్మా. గ్రీకు భాషలో ‘స్క్లిరోస్’ అంటే గట్టిది, ‘డెర్మా’ అంటే చర్మం. చర్మం గీతలాగా గట్టిపడే జబ్బన్నమాట. నుదుటి మీద వచ్చే రకానికి ఫ్రెంచి భాషలో ‘కత్తివేటు’ అనే పేరే స్థిరపడింది.

ఇది చాలా అరుదు. ఎక్కువగా మీ వయసులోనో, అంతకంటే చిన్నప్పుడో మొదలవుతుంది. అబ్బాయిలలో కంటే అమ్మాయిలలో ఎక్కువ. మొదట చిన్న మచ్చ. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. నెలలు గడిచేకొద్దీ అది గీతగా సాగుతుంది. చర్మం బిగిసి నున్నగా మెరుస్తుంది. ఆ దారిలో వెంట్రుకలు రాలిపోతాయి. చర్మం కింది కొవ్వు తరిగిపోతుంది. కొందరిలో ఎముక కూడా నొక్కుకుపోయి, ముఖం ఒక పక్క చిక్కినట్లు కనిపిస్తుంది. ఇలా సగం ముఖం చిక్కిపోవడాన్ని ఇంగ్లండులో పారీ (1825), జర్మనీలో రోంబర్గ్ (1846) వర్ణించారు.

కారణం క్రిమి కాదు. కాబట్టి అంటుకోదు, కుష్ఠుతో దీనికి సంబంధమే లేదు. మన శరీరాన్ని కాపాడవలసిన తెల్ల రక్తకణాలు సొంత చర్మం మీదికే తిరగబడతాయి. వాటి ప్రేరణతో చర్మకణాలు కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని అవసరానికి మించి తయారుచేస్తాయి. గాయం మానాక మచ్చ కట్టేది ఈ కొల్లాజెనే. ఇక్కడ గాయం లేకుండానే మచ్చ కడుతుంది!

గీతగానే ఎందుకు? తల్లి గర్భంలో చర్మకణాలు కొన్ని దారుల వెంట పాకుతూ వ్యాపిస్తాయి. ఆ దారులు మామూలుగా మన కంటికి కనబడవు. 1901లో బ్లాష్కో అనే జర్మన్ వైద్యుడు రోగుల మచ్చలను గమనించి వాటి పటం గీశాడు. ఈ జబ్బు తరచు ఆ గీతల వెంటే నడుస్తుంది.

అసలు చిక్కు లోపల ఉంది. కొందరిలో, గాడి ఉన్న వైపే, పుర్రె కింద మెదడులో కూడా వాపు, మచ్చలు ఏర్పడతాయి. ఎం.ఆర్.ఐ. పరీక్షలో అవి కనబడతాయి. తలనొప్పి, మూర్ఛలు రావచ్చు. మెదడు కుడి భాగం ఎడమ చేతిని నడుపుతుందని మీరు చదువుకున్నారు కదా! అందుకే గాడి నుదుటికి కుడి పక్కన ఉంటే, మూర్ఛ ఎడమ చేతి అదురుతో మొదలు కావచ్చు. అలాంటప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం మన పల్లెల్లో అలవాటు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. చాలా మూర్ఛలు కొద్ది నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నుదుటి మచ్చకూ, మూర్ఛకూ సంబంధం ఉందని తెలియక ఒకదాన్ని పాత దెబ్బ అనీ, మరొకదాన్ని గాలి సోకిందనీ అనుకుంటే విలువైన నెలలు పోతాయి. కర్నూలు, కడప సర్వజన వైద్యశాలల్లో చర్మ విభాగాలున్నాయి. మచ్చ కొత్తగా సాగుతున్నప్పుడే మందు బాగా పనిచేస్తుంది.

ఆ మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన నడిపించాడు. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌తో 1948లో ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించాడు. దానికి తమ్ముడిలాంటిదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదులో వాడే ఈ మందునే, తిరగబడ్డ తెల్లకణాలను అణచడానికి కొద్ది మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. మొదట్లో స్టిరాయిడ్లు కూడా కలుపుతారు. 1948 ఆగస్టులోనే కన్నుమూసిన సుబ్బారావు ఈ ఉపయోగాన్ని చూడలేదు.

మందుతో గీత సాగడం ఆగుతుంది గాని, పడిన గాడి పూడదు. జబ్బు పూర్తిగా చల్లబడిందని తేలాక, పొట్ట దగ్గరి కొవ్వు కొంత తీసి వైద్యులు ఆ గాడిలో నింపుతారు.