సింధు నదిలో చూపులేని ప్రాణి

నది మీద ఆనకట్ట కట్టేటప్పుడు ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఎన్ని ఊళ్ల దాహం తీరుతుంది అని లెక్క వేస్తాం. ఆ నదిలోనే పుట్టి, ఆ నదిలోనే బతికే ప్రాణుల సంగతి మాత్రం లెక్కలోకి రాదు. దాని పర్యవసానం ఏమిటో సింధు నదిని చూస్తే తెలుస్తుంది. ఆ నదిలోని డాల్ఫిన్ గురించి ఈ వారం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

సింధు ప్రాంతంవారు దాన్ని బుల్హన్ అంటారు. దాని కంటికి చూపు లేనట్టే. బురద నీటిలో శబ్దాలు పంపి, వాటి ప్రతిధ్వనిని బట్టి దారి, ఆహారం వెతుక్కుంటుంది. లోతు తక్కువైన చోట పక్కకు ఒరిగి ఈదుతుంది. చేపలా కనిపించినా చేప కాదు. ఊపిరి కోసం పైకి రావాలి, బిడ్డకు పాలివ్వాలి. ఒక కాన్పులో ఒకే పిల్లను కంటుంది. కాబట్టి పోయినవాటి లోటు త్వరగా తీరదు.

ముక్కలైన నది

ఒకప్పుడు ఈ డాల్ఫిన్లు సముద్ర ముఖం నుంచి హిమాలయాల అడుగు దాకా సింధులోను, దాని ఉపనదులలోను తిరిగేవి. 1932లో సుక్కూర్, 1955లో కోట్రి, 1962లో గుడ్డు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి బ్యారేజీలు వచ్చాయి. డాల్ఫిన్ల గుంపులు వాటి మధ్య చిక్కి విడిపోయాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నది 17 ముక్కలుగా విడిపోగా, 10 ముక్కల్లో అవి పూర్తిగా అంతరించాయి. వాటి సంచార ప్రాంతం 80 శాతం తగ్గింది. ఎండాకాలంలో నీరంతా కాలువలకు మళ్లి, నదిలో నీరు తగ్గడమే ముఖ్య కారణమని ఆ అధ్యయనం తేల్చింది.

మన గోదావరి పులస కథ తెలిసినవారికి ఇది కొత్త కాదు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదే ఆ చేపకు ధవళేశ్వరం వద్ద గోడ అడ్డం. అదే జాతి చేపను సింధులో పల్లా అంటారు. దానికి కోట్రి బ్యారేజీ అడ్డం.

కాలువల్లో చిక్కి

నూనె కోసం, మాంసం కోసం జరిగే వేట కూడా ఈ ప్రాణిని దెబ్బతీసింది. 1970లలో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జార్జియో పిల్లేరి సింధ్‌లో సుమారు 150 మాత్రమే మిగిలాయని లెక్క తేల్చారు. వేట నిషేధించి, 1974లో గుడ్డు, సుక్కూర్‌ల మధ్య నదిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2001 సర్వేలో మొత్తం సంఖ్య వెయ్యి దాటింది. 2017 నాటికి సుమారు 1,800కు చేరింది.

అయితే మరో చిక్కు ఉంది. నీరు నిండుగా ఉన్నప్పుడు గేట్ల గుండా కాలువల్లోకి వెళ్లిన డాల్ఫిన్లు, ఏటా జనవరిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో చిక్కుకుపోతాయి. డెల్టా రైతులకు కాలువలు కట్టేయడమంటే చెప్పనక్కరలేదు. పూడిక తీయకపోతే పొలాలకు నీరందదు. అందుకని కాలువల్ని తప్పుపట్టలేం. 1992 నుంచి రక్షణ బృందాలు వలలతో వాటిని జాగ్రత్తగా పట్టి, ఒళ్లు తడుపుతూ బండి మీద నదికి చేరుస్తున్నాయి. ఇలా వందకు పైగా ప్రాణాలు దక్కాయి. రైతు కాలువా నిలిచింది, ప్రాణీ నిలిచింది.

నిశ్చింత తగదు

సంఖ్య పెరిగింది కదా అని నిబ్బరంగా ఉండే వీలు లేదు. ఎక్కువ భాగం ఒకే చోట, గుడ్డు, సుక్కూర్‌ల మధ్య ఉన్నాయి. అక్కడ నీరు పాడైతే ఏం జరుగుతుందో మన దేశంలోని బియాస్ నది హెచ్చరిస్తోంది. 2007లో ఆ నదిలో ఈ డాల్ఫిన్లు ఇంకా ఉన్నట్టు తెలిసింది. ఉన్నవి కొన్నే. పంజాబ్ ప్రభుత్వం 2019లో వాటిని రాష్ట్ర జలచరంగా ప్రకటించింది. అంతకు ముందే, 2018 మేలో, ఒక చక్కెర ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్ బియాస్‌లో కలిసి లెక్కలేనన్ని చేపలు చచ్చిపోయాయి. చేపలు పోతే డాల్ఫిన్‌కు తిండేది?

నదిలో కొంత నీరు ఎండాకాలంలోనూ పారనివ్వాలి. చేపల కోసం విషం కలపడం ఆపాలి. కాలువ కట్టే ముందు అందులో చిక్కినవేమైనా ఉన్నాయా అని చూడాలి. వీటికి కొత్త యంత్రాలు అక్కరలేదు, శ్రద్ధ చాలు. నీరు మనకు అమానత్. దాన్ని పంచుకునేటప్పుడు నోరులేని ప్రాణికీ ఒక వాటా ఉందని మన పిల్లలకు నేర్పుదాం.