జవాబు రాకపోవడం వేరు, ‘కాదు’ అనడం వేరు

దివిసీమలో ఒక రేషన్ దుకాణం అనుకోండి. అవ్వ బియ్యానికి వచ్చింది. డీలరు చిన్న యంత్రం ముందుకు జరిపి వేలు పెట్టమన్నాడు. పెట్టింది. యంత్రం ఉలకదు, పలకదు. సంచి ఖాళీగానే ఉంది. కృష్ణా జిల్లాలో వేలిముద్రతో సరుకులివ్వడం 2015లోనే మొదలైంది కనుక ఇలాంటి దృశ్యం మీలో కొందరైనా చూసే ఉంటారు.

అవ్వ వేలిముద్ర ఆ యంత్రంలో ఉండదు. అది ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లను “ఈమె ఆమేనా?” అని అడగాలి. ఆధార్ వివరాలు భద్రపరిచే కేంద్రాలు రెండున్నాయి. ఒకటి బెంగుళూరులోని హెబ్బాళ్‌లో, రెండోది ఢిల్లీ దగ్గరి మానేసర్‌లో. అంత దూరదూరంగా ఎందుకు? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. రెండో తేదీన ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. రెండు కంప్యూటర్లూ ఒకే వీధిలో ఉంటే రెండూ ఒకేసారి మునుగుతాయి కదా!

సరే, ఒకటి పలకకపోతే రెండోదాన్ని అడగాలని ఎలా తెలుస్తుంది? కాలేజీల్లో, ఆఫీసుల్లో వైఫై వాడేవారిని సరిచూసే ‘రేడియస్’ అనే పద్ధతిని చూద్దాం. ఇది రేషన్ యంత్రానిది కాదుగాని, సమస్య ఒకటే. వైఫై పెట్టెలో రెండు చిరునామాలు రాసిపెడతారు: 192.0.2.10, 198.51.100.10 అనుకోండి. ఇవి ఇంటి నంబర్ల వంటివి. ఆ ఇంట్లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె 1812.

పెట్టె మొదటి ఇంటి తలుపు తట్టి, మూడు సెకన్లు ఆగి, మళ్లీ తడుతుంది. మూడుసార్లు తట్టినా పలకకపోతే రెండో ఇంటికి పోతుంది. ఈ లెక్క పెట్టెను అమర్చేవారి ఇష్టం. గడువు మరీ తగ్గిస్తే మాత్రం, జవాబు దారిలో ఉండగానే మొదటి కంప్యూటరు చెడిపోయిందనుకుంటుంది. ఇంకో తమాషా ఉంది. పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య ఒక రహస్యపదం ఉంటుంది. అందులో ఒక్క అక్షరం తప్పినా నిక్షేపంగా ఉన్న కంప్యూటరు కూడా నోరు మెదపకపోవచ్చు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక పెద్ద పెద్ద ఇంజనీర్లే తల పట్టుకుంటారు!

అయితే మొదటి కంప్యూటరు “కాదు” అంటే? అప్పుడు రెండోదాన్ని అడగకూడదు. “కాదు” కూడా జవాబే. కాదన్నప్పుడల్లా ఇంకో తలుపు తట్టనిస్తే, దొంగకు ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకోవచ్చు.

ఇప్పుడు అవ్వ దగ్గరికి వద్దాం. “ముద్ర కలవలేదు” అని వస్తే, నాట్లు వేసీ వేసీ ఆ వేలి గీతలు అరిగిపోయి ఉండవచ్చు. ఇంకో వేలో, కంటిపాపో చూడాలి. “జవాబు రాలేదు” అని వస్తే అవ్వ వేలిలో ఏ దోషమూ లేదు. డీలరు యంత్రాన్ని సిగ్నల్ అందే గుమ్మంలోకి తెచ్చి, మళ్లీ అడగాలి.