యాదృచ్ఛికమా, యథార్థమా? సాంఖ్యక శాస్త్రంలో పరికల్పనా పరీక్ష

2025 డిసెంబరు 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో జరిగిన వన్డే క్రికెట్ మ్యాచ్‌లో భారత జట్టు టాస్ గెలిచింది. మామూలుగా ఇది వార్త కాదు. కానీ ఆ రోజు ఆటగాళ్ల ముఖాలలో మ్యాచ్ గెలిచినంత ఆనందం కనిపించింది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ మొదలుకొని అప్పటివరకు భారత పురుషుల జట్టు వన్డేలలో వరుసగా 20 టాస్‌లు ఓడిపోయి ఉండడమే అందుకు కారణం.

నాణెం నిక్కచ్చిగా ఉంటే ఒక టాస్ ఓడిపోయే అవకాశం సగం. రెండు వరుసగా ఓడిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఇలా లెక్కించుకుంటూ పోతే 20 టాస్‌లు వరుసగా ఓడిపోయే అవకాశం 10,48,576లో ఒకటి మాత్రమే. మరి ఇది కేవలం దురదృష్టమా, లేక టాస్‌లో ఏదైనా లోపం ఉన్నదా? ఈ సందేహానికి సమాధానం వెదికే పద్ధతినే సాంఖ్యక శాస్త్రంలో పరికల్పనా పరీక్ష అంటారు. ఔషధాలకు, టీకాలకు అనుమతులు ఇవ్వడంలోనూ, కొత్త విత్తనాల దిగుబడిని అంచనా వేయడంలోనూ, ప్రభుత్వ పథకాల ఫలితాలను కొలవడంలోనూ ఆధారం ఈ పద్ధతే. సంఖ్యలతో కూడిన వార్తలను వినేవారికీ, చదివేవారికీ దీని మూలసూత్రాలు తెలిసి ఉండడం అవసరం.

శూన్య పరికల్పన: ‘ఏమీ లేదు’ అని మొదలుపెట్టడం

పరికల్పన అంటే ఇంకా రుజువు కాని ఒక ప్రతిపాదన. పరీక్షకు కూర్చునే ముందు పరిశోధకుడు రెండు ప్రతిపాదనలను ఎదురెదురుగా నిలబెడతాడు. మొదటిది శూన్య పరికల్పన: నాణెంలో లోపం లేదు, మందుకు ప్రభావం లేదు, రెండు విత్తనాల మధ్య తేడా లేదు. రెండవది ప్రత్యామ్నాయ పరికల్పన: లోపం ఉన్నది, ప్రభావం ఉన్నది, తేడా ఉన్నది.

న్యాయస్థానంలో నేరం రుజువయ్యేవరకు నిందితుణ్ణి నిర్దోషిగానే పరిగణించినట్లు, ఇక్కడ శూన్య పరికల్పన నిజమనే అనుకుని విచారణ ప్రారంభిస్తారు. ఆ తరువాత అడిగే ప్రశ్న ఒక్కటే: నిజంగా ఏ తేడా లేనట్లయితే, మనకు కనిపించినంత లేదా అంతకంటె పెద్ద తేడా కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంత? ఈ సంభావ్యతనే పి-విలువ అంటారు. అది చాలా తక్కువగా ఉంటే శూన్య పరికల్పనను తోసిపుచ్చుతారు.

నాణెంతోనే ఉదాహరణ చూద్దాం. పదిసార్లు ఎగురవేస్తే ఏడుసార్లు బొమ్మ పడింది. నాణెం మీద అనుమానం వస్తుంది. కానీ లోపం లేని నాణెంతో కూడా పదింట ఏడు లేదా అంతకు మించి బొమ్మలు పడే అవకాశం దాదాపు 17 శాతం. అంటే ఇది సామాన్యంగా జరిగే సంగతే. అదే నాణెం వందసార్లు ఎగురవేసినప్పుడు 70 లేదా అంతకు మించి బొమ్మలు పడితే? అలా యాదృచ్ఛికంగా జరిగే అవకాశం సుమారు 25 వేలలో ఒకటి. రెండు సందర్భాలలోనూ నిష్పత్తి 70 శాతమే. మారినది సాక్ష్యం పరిమాణం. ‘పదిమందిలో ఏడుగురికి గుణం కనిపించింది’ అన్న ప్రకటనకూ, ‘వందమందిలో 70 మందికి గుణం కనిపించింది’ అన్న ప్రకటనకూ మధ్య ఎంత దూరం ఉన్నదో దీనివల్ల అర్థమవుతుంది.

అయిదు శాతం గీత

పి-విలువ ఎంత తక్కువగా ఉంటే తోసిపుచ్చాలి? దీనికి ముందుగానే ఒక హద్దు గీసుకుంటారు. దాని పేరు సార్థకతా స్థాయి. బ్రిటిష్ సాంఖ్యక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో ప్రచురించిన గ్రంథం ద్వారా అయిదు శాతం హద్దు ప్రచారంలోకి వచ్చింది. 1935లో వెలువడిన మరో గ్రంథంలో ఆయన ఒక తేనీటి ప్రయోగాన్ని వివరించాడు. కప్పులో ముందు పాలు పోశారా, ముందు డికాక్షన్ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అంటుంది. ఎనిమిది కప్పులలో నాలుగు ఒక విధంగా, నాలుగు మరో విధంగా కలిపి, వరుస తెలియకుండా ఆమెకు ఇస్తారు. ఎనిమిదింటిలో నాలుగు కప్పులను ఎంచే మార్గాలు 70 ఉంటాయి. అంటే ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి, అనగా 1.4 శాతం. ఒకే ఒక్క జత తారుమారైనా, ఊహతోనే అంతటి లేదా అంతకంటె మెరుగైన ఫలితం సాధించే అవకాశం 24 శాతానికి పెరుగుతుంది. అప్పుడు ఆమె మాటను నమ్మడానికి సాక్ష్యం చాలదు.

అయిదు శాతం అన్నది ప్రకృతి నియమం కాదు, మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం. నిర్ణయం వల్ల కలిగే నష్టం పెద్దదైనప్పుడు ఇంకా కఠినమైన హద్దును కూడా పెట్టుకుంటారు.

హైదరాబాద్ టీకా చెప్పిన పాఠం

ఈ సూత్రాలు మన దేశంలో ప్రజల ప్రాణాలతో ముడిపడిన సందర్భం కోవిడ్ కాలంలో ఎదురైంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి రూపొందించిన కోవాగ్జిన్ మూడవ దశ ప్రయోగాలు 2020 నవంబరులో మొదలయ్యాయి. 25 కేంద్రాలలో 25,798 మంది స్వచ్ఛందంగా చేరారు. లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతిలో వారిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి అసలు టీకా, మరో వర్గానికి టీకా పదార్థం లేని సూది వేశారు. ఎవరికి ఏది వేశారన్నది వేసినవారికీ, వేయించుకున్నవారికీ తెలియదు.

ఇక్కడ శూన్య పరికల్పన ఇది: టీకాకు ప్రభావం లేదు. అదే నిజమైతే రెండు వర్గాల సంఖ్య దాదాపు సమానం కనుక, వ్యాధి సోకిన ప్రతి వ్యక్తి ఏ వర్గానికి చెందినవాడన్నది నాణెం ఎగురవేసినట్లే ఉండాలి. 2021 మార్చిలో ప్రకటించిన తొలి మధ్యంతర లెక్కలో 43 కేసులు ఉన్నాయి. టీకా పొందినవారిలో 7, పొందనివారిలో 36. టీకా పనిచేయని పక్షంలో 43 కేసులలో ఏడు లేదా అంతకంటె తక్కువ మాత్రమే టీకా వర్గంలో రావడం లక్షలో ఒక వంతు కన్నా అరుదు. తుది విశ్లేషణలో 130 కేసులు నమోదయ్యాయి. టీకా పొందిన 8,471 మందిలో 24, పొందని 8,502 మందిలో 106. ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం వంద కోట్లలో ఒక వంతు కన్నా ఎంతో తక్కువ. శూన్య పరికల్పన నిలబడలేదు.

అయితే ‘ప్రభావం ఉన్నది’ అని తేలినంత మాత్రాన సరిపోదు. ఎంత ఉన్నది? వ్యాధి లక్షణాలు కనిపించే కోవిడ్‌ను నివారించడంలో 77.8 శాతం అని లెక్క తేలింది. దాని విశ్వాస అంతరం 65.2 నుంచి 86.4 శాతం వరకు. అంటే అందుబాటులో ఉన్న సాక్ష్యంతో చక్కగా పొసగే విలువల పరిధి అది. డెల్టా రకం వైరస్ విషయంలో సామర్థ్యం 65.2 శాతంగా తేలగా, విశ్వాస అంతరం 33.1 నుంచి 83 శాతం వరకు విస్తరించింది. కేసులు తక్కువైతే ఈ పరిధి వెడల్పవుతుంది. వార్తలో ఒకే సంఖ్య వినిపించినప్పుడు దాని వెనుక ఇటువంటి పరిధి ఒకటి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

రెండు రకాల పొరపాట్లు

ఏ పరీక్షా పొరపాటుకు అతీతం కాదు. 1928 నుంచి 1933 వరకు యెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ వెలువరించిన పరిశోధనలు ఈ పొరపాట్లను రెండు రకాలుగా విడదీశాయి. లేని ప్రభావం ఉన్నదని ప్రకటించడం మొదటి రకం. ఉన్న ప్రభావాన్ని గుర్తించలేకపోవడం రెండవ రకం.

కోస్తా ఆంధ్ర ప్రజలకు ఈ తేడాను వివరించి చెప్పనవసరం లేదు. తుపాను వస్తుందని గ్రామాలను ఖాళీ చేయించిన తరువాత అది దారి మళ్లితే శ్రమ, ఖర్చు, మరుసటిసారి హెచ్చరిక మీద సన్నగిల్లే నమ్మకం. హెచ్చరిక అందకుండానే తుపాను వస్తే 1977 నవంబరు 19న దివిసీమలో సంభవించినటువంటి మహావిషాదం. సాక్ష్యం అంతే ఉండగా ఒక రకం పొరపాటును తగ్గించాలని హద్దును జరిపితే మరో రకం పెరుగుతుంది. రెండింటినీ తగ్గించాలంటే మరింత సాక్ష్యం సేకరించడమే మార్గం.

2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు పరిమిత అత్యవసర అనుమతి లభించేనాటికి మూడవ దశ సామర్థ్య ఫలితాలు ఇంకా రాలేదు. తగినంత సాక్ష్యం లేకుండా అనుమతించడం సరికాదని కొందరు, మహమ్మారి ముంగిట నిలిచినప్పుడు జాప్యం ప్రాణాంతకమని మరికొందరు వాదించారు. ఒకరు మొదటి రకం పొరపాటు గురించి, మరొకరు రెండవ రకం పొరపాటు గురించి భయపడ్డారు. ఏ నష్టాన్ని సమాజం భరించగలదన్న ప్రశ్నకు పి-విలువ సమాధానం ఇవ్వదు. ఆ బాధ్యత నిర్ణయం తీసుకునేవారిదే.

‘తేడా కనిపించలేదు’ అంటే ‘తేడా లేదు’ అని కాదు

శూన్య పరికల్పనను తోసిపుచ్చలేకపోవడం అంటే అది రుజువైందని కాదు. ఇరవై మందిపై జరిపిన చిన్న ప్రయోగంలో ఏమీ తేలకపోవడానికి సాక్ష్యం చాలకపోవడమే కారణం కావచ్చు. పెద్ద ప్రయోగంలో తేలకపోతే మాత్రం ఆ మౌనానికి విలువ ఉంటుంది. నేటి తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన బీసీజీ టీకా ప్రయోగం లక్షలాది మందిపై సాగింది. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా రక్షణ ఇస్తున్నట్లు అందులో తేలలేదు. ఎంతోమంది ఆశించిన ఫలితం కాకపోయినా దానిని ప్రకటించారు. పసిపిల్లలలో తీవ్రమైన క్షయ రూపాలను నివారించడానికి బీసీజీని నేటికీ ఇస్తూనే ఉన్నారు. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని మరో ప్రశ్నకు అతికించరాదన్నది ఇక్కడి నీతి.

మరో అపోహ కూడా ఉన్నది. పి-విలువ రెండు శాతం అంటే శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం రెండు శాతం అని చాలామంది భావిస్తారు. అది తప్పని అమెరికన్ సాంఖ్యక సంఘం 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించవలసి వచ్చింది. పి-విలువ, శూన్య పరికల్పన నిజమని అనుకున్నప్పుడు సాక్ష్యం ఎంత అరుదైనదో చెబుతుంది. పరికల్పన ఎంతవరకు నిజమో చెప్పదు.

మళ్లీ టాస్ దగ్గరకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పది లక్షలలో ఒకటి అన్నంత అరుదైన సంఘటన జరిగింది కదా, మరి టాస్‌లో లోపం ఉన్నదని ఎందుకు అనడం లేదు?

కారణం ఏమిటంటే, ఈ అనుమానం ముందుగా పుట్టినది కాదు. వరుసగా ఓడిపోవడం కనిపించిన తరువాతే మన దృష్టి దానిపై పడింది. ఎన్నో జట్లు, ఎన్నో దశాబ్దాలు, మూడు రకాల క్రికెట్, ఓటముల వరుసలు, గెలుపుల వరుసలు. ఇన్నింటిలో వెదికితే ఎక్కడో ఒకచోట అబ్బురమైన వరుస కనిపించే అవకాశం ఆ ఒక్క సంఖ్య సూచించినదానికంటె చాలా ఎక్కువ. పైగా ఆ 20 మ్యాచ్‌లు వేర్వేరు మైదానాలలో, వేర్వేరు సారథుల మధ్య జరిగాయి. అన్నింటిలోనూ ఒకే జట్టును ఓడించగల లోపం ఏమిటో ఊహించడం కూడా కష్టమే.

పరిశోధనలలోనూ ఇదే ప్రమాదం. అయిదు శాతం హద్దుతో, నిజానికి ఏ ప్రభావమూ లేని 20 అంశాలను విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒకదానిలో ‘ప్రభావం ఉన్నది’ అని తేలే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదానిని మాత్రమే ప్రకటించి మిగిలిన 19 దాచిపెడితే లెక్క తప్పు కాకపోయినా వార్త తప్పవుతుంది.

కనుక ‘శాస్త్రీయంగా రుజువైంది’ అన్న మాట వినిపించినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఎంతమందిపై పరీక్షించారు? పోల్చి చూడడానికి మరో వర్గం ఉన్నదా, విభజన యాదృచ్ఛికంగా జరిగిందా? ప్రశ్నను ముందుగా నిర్ణయించుకున్నారా, ఫలితం చూసి ఎంచుకున్నారా? కనిపించిన తేడా నిత్యజీవితంలో లెక్కించదగినంత పెద్దదేనా? లక్షలమందిపై జరిపే అధ్యయనంలో అతి స్వల్పమైన తేడా కూడా హద్దు దాటగలదు కనుక చివరి ప్రశ్న మరీ ముఖ్యం.

టాస్‌ల వరుసకు తెరపడిన విశాఖపట్నంలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఆపై కలకత్తా వెళ్లి ప్రపంచ ప్రఖ్యాత సాంఖ్యక శాస్త్రవేత్తగా ఎదిగినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష పరికల్పనలను పరీక్షించే ప్రధాన పద్ధతులలో ఒకటిగా నేటికీ నిలిచి ఉన్నది. 2023 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అనిశ్చితిని తొలగించలేకపోయినా దానిని కొలవవచ్చునన్నది ఆయన జీవితాంతం బోధించిన విషయం. ఒక నిర్ణయం తప్పయ్యే అవకాశం ఎంతో ముందే తెలుసుకుని తీసుకోవడానికి ఈ శాస్త్రం అందించే సాధనమే పరికల్పనా పరీక్ష.